అడగని అతుకు

వెనక గదిలోంచి ఆ వాసన మళ్ళీ వచ్చింది. నిన్నటి చేప మీద ఆసుపత్రి మందు పోసి, మూతపెట్టి, ఎండలో మరిచిపోతే వచ్చేలాంటి వాసన. అది ముక్కు దగ్గర ఆగదు, నేరుగా గొంతులోకి దిగి నాలుక వెనక తిష్ఠ వేస్తుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి సిరిసిల్లలోనే ఉంటున్నాను. నూలుకు పట్టించే గంజి పులిసిన కంపు, మరమగ్గాల నూనె కంపు, వానాకాలంలో మా సందులో మోరీ పొంగిన కంపు, అన్నిటికీ ముక్కు అలవాటుపడింది గానీ, ఈ రెండు గొట్టాలు పిండి కలిపే జిగురు వాసన వస్తే మాత్రం ఇప్పటికీ తింటున్న ముద్ద పళ్ళెంలోనే పెట్టి లేచిపోతాను.

మా చిన్నోడు మరమగ్గాలు బాగుచేసే పని చేస్తాడు. ఈమధ్య ఫోనులో ఏవో వీడియోలు చూసి, కత్తులకు పిడులు తయారుచేసే పిచ్చి పట్టింది వాడికి. ఎవరికి ఎలా కావాలంటే అలా చేసిస్తాడు. చెక్కకూ కత్తికీ నడుమ ఒక ఇత్తడి బిళ్ళ, దాని వెనక ఒక రాగి బిళ్ళ, వాటి మధ్య నల్లటి పలచని ముక్క, మళ్ళీ ఇత్తడి, ఇలా పొరలు పొరలుగా పేర్చి అతికిస్తాడు. ఆ పొరలను స్పేసర్లు అంటాడు. హైదరాబాదులో పెద్దపెద్ద వంటవాళ్ళు అడిగి మరీ చేయించుకుంటారట. లోకంలో ఎవరికీ తెలియనిది తానే కనిపెట్టినట్టు ఒక్కొక్కటీ తెచ్చి నా మొహం ముందు తిప్పి చూపిస్తాడు. ఓరి నీ తెలివి తెల్లారా, ఆ పొరల నడుమనే పుట్టి పెరిగినదాన్ని, నాకారా చెప్పేది!

నాకు రెండు చెడ్డపేర్లున్నాయి. ఒకటి, ముక్కు పెద్దది, ప్రతిదానికీ రోత అంటానని. రెండు, నోరు పెద్దది, అడగకపోయినా చెప్తానని. పక్కింటావిడ పప్పు ఉడకకముందే చింతపండు వేస్తుంటే గోడ మీదుగా చెప్తాను. బస్సులో ఎవరైనా చంటిపిల్లకు మెడ కింద చెయ్యి పెట్టకుండా ఎత్తుకుంటే చెప్తాను. మా ఆయన, నీ నోట్లో నువ్వుగింజ నానదు అని విసుక్కుంటాడు. ముక్కు నాకు పుట్టుకతో వచ్చింది. నోరు మాత్రం ఒక దసరా తర్వాత వచ్చింది.

మాది కోరుట్లకూ రాయికల్‌కూ నడుమ వాగు ఒడ్డున ఒక ఊరు. కల్లు గీసేవాళ్ళ ఇండ్లు ఊరికి ఆ చివర, ఈతవనానికి దగ్గరగా ఉండేవి. చిన్నతనం అంటే అందరికీ మల్లెలూ మామిడిపూతా గుర్తొస్తాయట, అదృష్టవంతులు. నాకు ముందు కంపులే గుర్తొస్తాయి. చలికాలం చివర రైతులు పెద్దపెద్ద పెనాల్లో పసుపు ఉడకబెడుతుంటే ఊరంతా కమ్ముకునే మట్టివాసన, ఆ ఆవిరికి తడిసిన బట్టలు ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని పసుపు, ఎండాకాలం మా వాకిట్లో బోర్లించిన కల్లు కుండల చుట్టూ ముసిరే ఈగలు, అవి మా అన్నం మీదా వాలి, కుండల మీదా వాలి, మళ్ళీ మా పెదాల మీద వాలేవి. ఇంట్లో మా అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో పొగాకు, తడిబట్టలో తునికాకు. పొగాకు దుమ్ముకు తుమ్ముతూ పడుకునేదాన్ని, తుమ్ముతూ లేచేదాన్ని. అవ్వ కలిపి పెట్టిన ముద్దలో కూడా పొగాకు ఘాటు తగిలేది. ఆ ముద్దను రోత అంటూనే తినేదాన్ని.

అన్నిటికంటే పెద్ద రోత మా తాత, నాన్న తండ్రి. పేరు రాజలింగు. ఒకసారి చెట్టు మీద నుంచి జారి మోకాలు పోగొట్టుకున్నాక చెట్టెక్కడం మానేసి, కల్లు గీసే కత్తులకు పిడులు వేసేవాడు. కత్తి కమ్మరి కొట్టిచ్చినా, పిడి మాత్రం మా తాత చేతిదే ఉండాలని సారంగాపూర్ నుంచి, రాయికల్ నుంచి, అటు వీర్నపల్లి నుంచి కూడా వచ్చేవాళ్ళు. వాకిట్లో నులకమంచం, మంచం పక్కన ఉమ్మడానికి కుండపెంకు, ఆ పెంకు పక్కనే తాగే నీళ్ళ చెంబు. బర్రెకొమ్మును మెత్తబడేదాకా ఉడకబెట్టేవాడు. ఆ కుండలోంచి లేచే వాసనకు కుక్కలు వచ్చేవి, చుట్టాలు పోయేవాళ్ళు. నోట్లో ఎప్పుడూ పొగాకు నములుతూ, కారినదాన్ని మోచేత్తో తుడుచుకుంటూ, అదే చేత్తో మాకు కాల్చిన తాటి గేగులు ఒలిచి పెట్టేవాడు. రోత అంటే పకపకా నవ్వేవాడు. ఆయన పారేసిన వంకర బిళ్ళలతోనే మేము ఆడపిల్లలం తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. పెంకు కంటే ఇత్తడి బిళ్ళ గీతల మీద పడకుండా గడిలో నిలబడేది కాబట్టి, నా బిళ్ళ కోసం ఊరి పిల్లలంతా నాతో స్నేహం చేసేవాళ్ళు.

అంత రోత మనిషి అతుకు పెట్టే రోజు మాత్రం వేరే మనిషి అయిపోయేవాడు. పిడిలో ముందు కొమ్ము ముక్క, వెనక తుమ్మచెక్క, నడుమ బిళ్ళలు. ప్రతి బిళ్ళ ముఖాన్నీ ఆకురాయితో అడ్డంగా, నిలువుగా, మళ్ళీ ఏటవాలుగా, సాప అల్లినట్టు గీకేవాడు. తర్వాత బూడిదతో తోమి, ఎండలో పెట్టి, ఇక దాన్ని వేలితో ముట్టుకోకుండా ఆకుతో పట్టుకునేవాడు. నూనె పొగ తగిలితే అతుకు పట్టదని ఆరోజు ఇంట్లో నూనె పొయ్యి మీద పెట్టనిచ్చేవాడు కాదు. గారెలు చేయాలంటే అవ్వ ఆయన్ను అడిగి చేయాలి. బిళ్ళల నడుమ లక్క కరిగించి పోసి, కత్తి తోకను, అంటే పిడిలోకి దూరే సన్నటి కొసను, అన్నిటి గుండా గుచ్చి, చివరను సుత్తితో కొట్టి మడిచి, తాడుతో బిగించి నీడలో వేలాడదీసేవాడు. ఎండే వరకు ఎవరు తొందరపెట్టినా వినడు. బయటికి కనిపించే అంచును మాత్రం పెండ్లికూతురి ముక్కుపుడకలా మెరిసేదాకా రుద్దేవాడు. లోపల గీతలు, బయట మెరుపు, అంతే ఆయన విద్య.

ఆ బిళ్ళలు అంగట్లో కొన్నవి కావు. చెట్టెక్కేవాడి తల్లి వాడిన రాగి చెంబులోంచి ఒకటి, పెళ్ళాం వెంట తెచ్చుకున్న ఇత్తడి బిందెలోంచి ఒకటి కోసి వేయాలి. పైనున్నవాడి చేతిని ఇద్దరు ఆడవాళ్ళూ పట్టుకున్నట్టు అని దాని అర్థం. ఎవడైనా చెట్టు వదిలేస్తే పిడి విప్పి ఎవరి బిళ్ళ వారికి ఇచ్చేయాలి. ఇంకో కట్టుబాటు ఉంది. పిడి కావలసినవాడే స్వయంగా వచ్చి, కత్తిని తాత ముందు నేల మీద పెట్టి, కలుపు అని నోరు తెరిచి అడగాలి. వాడి తరఫున ఇంకొకరు అడగకూడదు. అడగనివాడి కత్తి గురించి పిడి వేసేవాడు మంచీ చెడూ పలకకూడదు, పలికితే చెట్టు మీదివాడికి కీడట. చిన్నప్పుడు ఇదంతా ఎంత గొప్పగా అనిపించేదో. ఇప్పుడు తలుచుకుంటే థూ అనిపిస్తుంది.

మా బాపు, నాన్నను అలాగే పిలిచేదాన్ని, మంచి గీతగాడు. కానీ ఆ ఏళ్ళలో వానలు ముఖం చాటేశాయి. వాగు ఇసుక తేలింది, ఈతచెట్లు మొదళ్ళ దగ్గరే మాడిపోయాయి, దుకాణాల్లో ఏదో పొడి కలిపిన తెల్లనీళ్ళను కల్లని అమ్మడం మొదలైంది. అది తాగినవాళ్ళు చొంగ కార్చుకుంటూ మా అరుగు మీదే పడుకునేవాళ్ళు, పొద్దున అవ్వ నీళ్ళు కొట్టి కడిగేది. కోరుట్ల బస్టాండులో దుబాయ్ పోయేవాళ్ళ పెట్టెలూ, ఏడ్చేవాళ్ళ ముక్కు చీదుళ్ళూ లేని రోజు లేదు. ఒకరోజు బాపు కూడా పోతానన్నాడు. తాత ఒక్క మాట అనకుండా బాపు కత్తిని తెప్పించి, కులపెద్దలందరి ముందూ తోక చివర కోసి, లక్క కరిగించి, పిడి విప్పేశాడు. రాగి బిళ్ళ తానుంచుకున్నాడు, అది చనిపోయిన మా బాపమ్మది. ఇత్తడి బిళ్ళ అవ్వ ఒళ్ళో పడేశాడు. అప్పుడు ఒకే మాట అన్నాడు.

“చెట్టు ఇడిసినోనికి కత్తెందుకు, పిడెందుకు.”

బాపు ఆ మాట మింగి పోయాడు. అక్కడ కొన్నాళ్ళు పనిచేశాక, ఒక దసరా ముందర, చెప్పాపెట్టకుండా ఇంటికి దిగాడు. కంపెనీ మూతపడిందని పంపేశారట. ఒక దుప్పటి, సెంటు సీసా, తళతళలాడించే మెరుగు మందు డబ్బా, రెండు గొట్టాల జిగురు, ఇవీ ఆయన తెచ్చిన దుబాయ్. సెంటు వాసనకు నాకు తలనొప్పి వచ్చింది, అయినా ఆయన ఒళ్ళోంచి దిగలేదు. బాపు ఇక పోకూడదు, అదొక్కటే నా కోరిక. అవ్వ కోరికా అదే.

అది జరిగేదీ లేనిదీ చెట్ల మీద ఉంది. బాపు దసరా మర్నాడు అందరితో పాటు చెట్టెక్కి మొదటి గాటు పెడితే ఆయన చెట్లు ఆయనకే అని కులపెద్దలు ఒప్పుకున్నారు. ఎక్కకపోతే ఆ చెట్లు వేరేవాళ్ళకు పోతాయి, బాపు మళ్ళీ దుబాయ్ పోవాల్సిందే. జగిత్యాల నుంచి ఏజెంటు అప్పటికే వచ్చి వీసా ఉందని చెప్పిపోయాడు. నూనె కారే మీసాలతో మా అరుగు మీద కూర్చొని, బతుకమ్మకు అవ్వ చేసిన మలీద ముద్దలన్నీ ఒక్కొక్కటీ తిని, ఒక్కొక్క వేలూ చప్పరించి, ఆ తడి చేత్తోనే నా బుగ్గ గిల్లాడు. బావి దగ్గరికి పోయి బుగ్గ ఎర్రబడేదాకా కడుక్కున్నాను. అవ్వ బీడీ మూతి బొటనవేలితో నొక్కి మడుస్తూ, తల ఎత్తకుండా నాతో అంది. “కత్తి నిలవడ్తె మీ బాపు నిలవడ్తడు బిడ్డ.”

కత్తి అయితే ఉంది, పిడి లేదు. తోక చివర తాత కోసేశాడు, ఇక మడవడానికి లేదు, కాబట్టి బలమంతా అతుకు మీదే. తాత అయితే కమ్మరితో తోకకు ముక్క వేయించి, లక్కతో కలిపేవాడు. అందుకు బాపు చేయాల్సింది ఒక్కటే, కత్తి నేల మీద పెట్టి కలుపు అనాలి. ఆయన అనడు. ఊరందరి ముందూ నా పిడి విప్పినోన్ని నేను అడుగుడేంది అంటాడు. అవ్వ తాత దగ్గరికి పోతే, వాడచ్చి అడగాలె అంటాడు తాత. అవ్వ అటూ ఇటూ తిరిగింది, బతుకమ్మ పూలు తెచ్చేటప్పుడు ఒకసారి, సద్దులు కలిపేటప్పుడు ఒకసారి, ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ ఒకసారి. ఒకే వాకిట్లో, ఒకే చెంబు నీళ్ళు తాగే ఇద్దరు మగవాళ్ళు ఒకరి మూతి ఒకరు చూసుకోకుండా దినాలు గడిపారు. ఒకడికి నోరు తెరిస్తే పరువు పోతుంది, ఇంకొకడికి నోరు తెరిస్తే కట్టుబాటు పోతుంది. నడుమ ఆడమనిషి కాళ్ళు పోతే ఎవడికీ పట్టదు.

చివరికి బాపు తానే అతికిస్తానన్నాడు. రాగి బిళ్ళను అవ్వ తాత పెట్టెలోంచి తీసి ఇచ్చింది. తాత చూసి, పొగాకు నములుతూనే ఉన్నాడు. బాపు అరుగు మీద, సరిగ్గా తాత మంచానికి ఎదురుగా కూర్చొని, రెండు బిళ్ళలకూ దుబాయ్ మెరుగు మందు పూసి, బట్టతో రుద్దాడు. పాత గీతలన్నీ పోయేదాకా రుద్దాడు. లోపలి ముఖం, బయటి ముఖం తేడా లేకుండా రుద్దాడు. తర్వాత నన్ను పిలిచి ఇత్తడి బిళ్ళ నా మొహం ముందు పెట్టాడు.

“సూడు బిడ్డ, అద్దం లెక్క.”

నా పంటి సందు కూడా కనిపించింది అందులో. తాత గీకుతడు గదా బాపు అన్నాను. గది లక్కకు, ఇది దుబాయ్ గమ్ము, కంపెనీల ఇనుముకు ఇనుము దీంతోనే అతికిస్తరు అన్నాడు. చిన్నపిల్ల మాట కాబట్టి గాలికి పోయింది. రెండు గొట్టాలు పిండి రేకు మీద కలిపాడు. అప్పుడే మొదటిసారి ఆ వాసన నా గొంతులోకి దిగింది. అవతల పొయ్యి మీద గారెలు వేగుతున్నాయి, నూనె పొగ వాకిలంతా కమ్మింది, బాపు గారె తింటూ అదే చేత్తో బిళ్ళలు సర్దాడు. నేను తాత వంక చూశాను. ఆయన నమలడం ఆపేశాడు. పొగాకు బుగ్గన పెట్టుకొని, బాపు చేతుల వంకే కన్నార్పకుండా చూస్తున్నాడు. ఆకురాయి ఆయన తొడ కిందే ఉంది. కాసేపు చూసి, పెంకులో ఉమ్మి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దసరా సాయంత్రం ఊరంతా జమ్మి పెట్టుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే, పాతపగలున్నవాళ్ళు కూడా కౌగిలించుకుంటుంటే, బాపు జమ్మి ఆకు తాత చేతిలో పెట్టి పాదాలు ముట్టుకున్నాడు. అవ్వ గడపలో నిలబడి చూస్తోంది. నేను అవ్వ కొంగు పట్టుకొని చూస్తున్నాను. ఇప్పుడు అడుగుతాడు, లేదా ఇప్పుడు చెప్తాడు అనుకున్నాం. తాత జమ్మిని చెవిలో పెట్టుకున్నాడు. బాపు లేచి పక్కింటి వైపు పోయాడు. ఇద్దరి దగ్గరా కల్లు వాసన, సెంటు వాసన, పొగాకు వాసన. ఆ పండుగ రోజు తిన్న మాంసం నాకు ఒంటబట్టలేదు.

మర్నాడు పొద్దున ఈతవనంలో మంచు ఇంకా విడలేదు. మొదటి గాటుకు మాలో ఒక పద్ధతి ఉంది. పైన మొగుడు గీస్తే రాలే మొదటి చెక్కుముక్క నేల మీద పడకూడదు. పెళ్ళాం చెట్టు కింద నిలబడి, రెండు చేతులూ చాచి పట్టుకొని, ఎల్లమ్మకు పెట్టాలి. ఈతచెట్టు తాటిచెట్టంత ఎత్తు ఉండదు, పట్టడం కష్టం కాదు. అవ్వ తలస్నానం చేసి, పసుపు రాసుకొని, చేతులు చాచి, తల పైకెత్తి నిలబడింది. బాపు నడుముకూ చెట్టుకూ మోకుతాడు వేసుకొని ఎక్కాడు, మట్టలు నరికాడు, కత్తి బాగానే నిలిచింది. కింద ఉన్నవాళ్ళు, దుబాయ్ గమ్ము గట్టిదే అన్నారు. తాత కూడా కర్ర పట్టుకొని వచ్చి దూరంగా గట్టు మీద నిలబడ్డాడు. మొదటి గాటుకు బాపు మణికట్టు తిప్పాడు.

చెక్కుముక్క రాలేదు, కత్తి వచ్చింది. పిడిలోని చెక్క బాపు పిడికిట్లోనే ఉండిపోయింది. కత్తి అలుగు, కొమ్ముముక్క, రెండు బిళ్ళలు విడివిడిగా కిందికి వచ్చాయి. అవ్వ చేతులు చాచే ఉంది. పక్కకు జరగలేదు, పట్టుకోవడానికే నిలబడ్డ మనిషి కదా. కత్తి ఆమె కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో దిగింది.

నేను నెత్తురు చూడలేదు, చూడనివ్వలేదు. ఎవరో నన్ను గట్టు మీదికి లాగేశారు. నాకు గుర్తున్నది తాత. అందరూ అవ్వ చుట్టూ మూగితే, ఆయన కుంటుకుంటూ వచ్చి, బురదలోంచి ఇత్తడి బిళ్ళ ఏరి, మొహానికి దగ్గరగా పెట్టుకొని చూశాడు. బిళ్ళ అద్దంలా మెరుస్తోంది. జిగురు పాలమీగడలా ఒక పొరగా ఊడి అంచున వేలాడుతోంది. ఆయన దాన్ని గోటితో లాగి పారేశాడు.

“లోపట నున్నగ చేసిండు. నునుపుకు ఏదీ పట్టది” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

చేతికి కొంగు చుట్టుకొని, రంగుపోయిన మొహంతో కూర్చున్న అవ్వ తల ఎత్తింది. అప్పటిదాకా ఏడవని మనిషి. “నీకు ఎర్కేనా మామా?”

“ఎర్కనే.”

“ఎర్కుండి సూసుకుంట కూసున్నవా?”

తాత బిళ్ళను ధోవతికి తుడిచి ఆమె పక్కన పెట్టాడు. “నన్ను అడిగిండా?” అన్నాడు.

ఇంత వయసొచ్చి, ఎన్నో చావులూ మోసాలూ చూశాను. ఆ మాటంత రోత నాకు ఇంకెక్కడా తగలలేదు. కొమ్ము ఉడికిన కుండ, చొంగ కార్చుకున్న తాగుబోతులు, ఏజెంటు చప్పరించిన వేళ్ళు, అన్నీ కలిపినా దాని ముందు పన్నీరే. బాపు పొగరుకు బాపు మీద కోపం వచ్చింది. తాత మీద వచ్చింది కోపం కాదు, కక్కు. ఇంకా రోత ఏమిటంటే, ఊరు ఆయన్ను మెచ్చుకుంది. కొడుకైనా సరే, అడగని పనికి నోరు పెట్టలేదు, రాజలింగంటే అట్లుండాలె అన్నారు. ఆ తర్వాత కూడా ఆయన దగ్గరికి పిడులకు వస్తూనే ఉన్నారు. ఆయన గీకుతూనే ఉన్నాడు. గేగులు ఒలిచి పెడితే నేను తీసుకొని, ఆయన చూస్తుండగానే కుక్కకు వేసేదాన్ని. అప్పుడు నవ్వలేదు ఆయన.

జగిత్యాల ఆసుపత్రిలో కుట్లు వేశారు గానీ, నరం తెగిందని, బొటనవేలు ఇక వంగదని చెప్పారు. చెట్లు వేరేవాళ్ళకు పోయాయి. అవ్వ చేతి కుట్లు కూడా ఆరకముందే బాపు ఏజెంటు వెంట పోయాడు. పోయేటప్పుడు అవ్వ కట్టు కట్టిన చేతిని పట్టుకొని, జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. ఆయన వదిలేసి పోయిన ఆ రుమాలు సెంటు వాసన చాలా రోజులు ఇంట్లోనే ఉంది, అవ్వ దాన్ని ఉతకలేదు.

బీడీ చుట్టడం వేళ్ళతోనే అయినా, మూతి మడవాలంటే బొటనవేలు నొక్కాలి. వేలు కర్రలా నిలబడిపోతే ఎలా? అవ్వ కొన్నాళ్ళు పళ్ళతో మడిచింది, పొగాకు నోట్లోకి పోయి వాంతులు చేసుకుంది. తర్వాత ఒకరోజు ఆ ఇత్తడి బిళ్ళను తీసి, నాలుగు వేళ్ళ మధ్య ఇరికించి, దాని అంచుతో బీడీ మూతి నొక్కడం మొదలుపెట్టింది. బొటనవేలు చేయాల్సిన పని బిళ్ళ చేసింది. నా చదువూ, నా పెండ్లీ ఆ అంచు మీదే నడిచాయి. తన బిందెలోంచి కోసిన బిళ్ళ మొగుడి చేతిని పట్టలేకపోయింది, తన చేతిని మాత్రం పట్టింది అనేది అవ్వ, నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

తాత పోయినప్పుడు బాపు ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాడు. కోరుట్లలో ఫోను బూత్‌కు నన్ను తీసుకొని పోయి అవ్వ చెప్పింది. అవతల గరగర నడుమ బాపు గొంతు నాకు కూడా వినిపించింది.

“నన్ను అడిగిండా?”

“అడగలే” అని అవ్వ ఫోను పెట్టేసింది. తాత పోయేముందు బాపు పేరు పలికాడో లేదో నాకు తెలియదు, నేను బడిలో ఉన్నాను. అవ్వకు తెలుసు. నేను ఆమెను ఎన్నోసార్లు అడిగాను, చెప్పలేదు. బాపు ముసలితనంలో తిరిగొచ్చి, కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలుకు కాపలా కాసి, ఒక ఎండాకాలం పోయాడు. తర్వాత అవ్వ. నా వాటాకు వచ్చింది ఒక పొగాకు డబ్బా, అందులో బిళ్ళ.

మొన్న చిన్నోడు ఆ డబ్బా అడిగాడు. మన ఇంటికని ఒక కత్తి చేస్తున్నాడట, అందులో అమ్మమ్మ బిళ్ళ పొరగా వేస్తాడట. ఇచ్చాను. ఇవాళ జిగురు వాసనకు అన్నం వదిలేసి వెనక గదిలోకి పోయేసరికి, వాడు మిషను చక్రానికి బిళ్ళ ఆనించి రుద్దుతున్నాడు. అంచు అవ్వ అరగదీసిందే, వంపు తిరిగి ఉంది. ముఖం మీద ఇన్నేళ్ళ పొగాకు నలుపు పోయి, కింద నుంచి బాపు పెట్టిన మెరుపు మళ్ళీ లేచింది. వాడి కళ్ళద్దాలు అందులో కనిపిస్తున్నాయి.

“లోపటి మొకం గీకురా” అన్నాను.

వాడు మిషను ఆపలేదు. వీడియోలో చూశాననీ, ఇది మంచి జిగురనీ, నాకు తెలియదనీ ఏదో అన్నాడు. నేను ప్లగ్గు పీకేశాను. వాడికి కోపం వచ్చింది, వాడిదీ ఆ వంశమే కదా.

“నిన్ను ఎవలడిగిండ్రమ్మా?”

“ఎవలడగలే. గందుకే చెప్తున్న.”

బల్ల మీద ఆకురాయి ఉంది, కొత్తది, దుమ్ము కూడా పట్టనిది. వాడు తీయడని తెలిసి నేనే తీశాను. బిళ్ళను చెక్క మీద పెట్టి, అడ్డంగా, నిలువుగా, మళ్ళీ ఏటవాలుగా గీకాను. బాపు మెరుపు పోయింది. నా మొహమూ పోయింది అందులోంచి. ఇత్తడి పొడి లేచి ముక్కుకు తగిలింది, దాంతోపాటు ఎక్కడో లోపల దాక్కున్న పొగాకు ఘాటు కూడా, అవ్వ పెట్టిన ముద్దలో ఉండే ఘాటు. ఈతవనం ఉన్నచోట ఇప్పుడు ప్లాట్లకు పాతిన రాళ్ళున్నాయి. లక్క కరిగిన వాసన, కొమ్ము ఉడికిన కంపు, కల్లు కుండల మీద ఈగలు, ఏవీ లేవు, పోతే పోయాయి, వాటికోసం ఏడ్చేదాన్ని కాదు. ఈ ఘాటుకు మాత్రం చిన్నప్పటిలాగే తుమ్ము వచ్చింది.

చిన్నోడు బూడిద ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఈ ఇంట్లో కట్టెల పొయ్యి ఏదిరా అన్నాను. గిన్నెలు తోమే సబ్బు తెచ్చి ఇచ్చి, కడిగాక వేలితో ముట్టుకోవద్దని, ఆకుతో పట్టుకోమని, అదీ అడగకుండానే చెప్పాను.